ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ డిగ్రీ ఎంచుకోవడం: కోర్సుల పట్టిక చదివే పద్ధతి

అందరికీ నమస్కారం.

ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్‌లో డిగ్రీ చేయాలనుకునేవాళ్లు ప్రోగ్రామ్‌ను ఎలా ఎంచుకోవాలన్నది ఇవాళ్టి విషయం. ఏ యూనివర్సిటీ ఎన్నో ర్యాంకులో ఉందో చెప్పబోవడం లేదు. ఆ జాబితాలు వెతికితే దొరుకుతాయి, కానీ ఈ డిగ్రీ విషయంలో పెద్దగా అక్కరకు రావు. ఒక ప్రోగ్రామ్ కోర్సుల పట్టికను ముందేసుకుని, అందులో సరుకెంత, పైపూత ఎంత అని తేల్చుకోవడం ఎలాగో చూద్దాం.

ర్యాంకులు ఎందుకు అక్కరకు రావంటారా? సివిల్ ఇంజనీరింగ్ ఎక్కడ చదివినా స్ట్రక్చర్స్, సాయిల్ మెకానిక్స్, ఫ్లూయిడ్స్ తప్పవు. పేరు వినగానే లోపల ఏముంటుందో సుమారుగా ఊహించవచ్చు. ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్‌కు ఆ భరోసా లేదు. ఈ ఒక్క బోర్డు కింద కనీసం నాలుగు వేర్వేరు చదువులు నడుస్తున్నాయి. ఒకచోట అది దాదాపు ఇండస్ట్రియల్ ఇంజనీరింగే: ఆపరేషన్స్ రీసెర్చ్, సిమ్యులేషన్, క్వాలిటీ. ఇంకోచోట సిస్టమ్స్ ఇంజనీరింగ్: పెద్ద వ్యవస్థకు కావలసినవి రాసుకోవడం, భాగాల మధ్య ఇంటర్‌ఫేస్‌లు, రిస్కు. మూడోచోట ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఒక్కదాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చెబుతారు. నాలుగోచోట బిజినెస్ స్కూల్ మొదటి ఏడాది పాఠాలను కుదించి ఇంజనీర్లకు అందిస్తారు. పట్టా మీద మాత్రం అందరికీ ఒకటే పేరు.

ఇలా ఎందుకైందో తెలియాలంటే ఈ చదువు ఎక్కడ మొదలైందో చూడాలి. అమెరికాలో మిస్సోరీ యూనివర్సిటీ రోలా క్యాంపస్, అంటే ఇప్పటి మిస్సోరీ ఎస్ అండ్ టీ, 1967లో దీనికోసం ప్రత్యేకంగా ఒక డిపార్ట్‌మెంట్ పెట్టింది. అమెరికన్ సొసైటీ ఫర్ ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ అనే వృత్తి సంఘం 1979లో ఏర్పడింది. మిగతా చోట్ల ఇది ఎవరికి తోచినట్టు వారి ఇంట్లో పెరిగింది. కొన్ని యూనివర్సిటీల్లో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్ పక్కన, కొన్నింట్లో ఇంజనీరింగ్ స్కూల్ డీన్ ఆఫీసు కింద, కొన్నింట్లో బిజినెస్ స్కూల్‌తో కలిసి. డ్యూక్‌లో ఎంఈఎం, అంటే మాస్టర్ ఆఫ్ ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్, ఇంజనీరింగ్ స్కూల్ నడిపేది. డార్ట్‌మత్‌లో థేయర్ ఇంజనీరింగ్ స్కూల్, టక్ బిజినెస్ స్కూల్ కలిసి నడుపుతాయి. ఎంఐటీలో సిస్టమ్ డిజైన్ అండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రోగ్రామ్ ఇంజనీరింగ్ స్కూల్‌కూ స్లోన్ బిజినెస్ స్కూల్‌కూ ఉమ్మడిది. కాబట్టి మొదటి ప్రశ్న: మీ పట్టా మీద సంతకం చేసే డీన్ ఎవరు, పాఠం చెప్పే ప్రొఫెసర్లకు జీతమిచ్చే డిపార్ట్‌మెంట్ ఏది? ఈ రెండింటికీ జవాబు తెలిస్తే ప్రోగ్రామ్ ఎటు వాలుతుందో సగం తెలిసినట్టే.

పేర్ల గురించి ఇంకొక్క మాట. ఇదే చదువు వేరే పేర్లతోనూ ఉంది. జర్మనీలో 'విర్ట్‌షాఫ్ట్స్‌ఇంజెనియర్‌వేజెన్' పేరుతో దశాబ్దాలుగా ఇంజనీరింగ్, వాణిజ్యం కలిపి చెబుతున్నారు. నెదర్లాండ్స్‌లో ట్వెంటే, గ్రోనింగెన్ యూనివర్సిటీల్లో 'ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్' అంటారు. వెతికేటప్పుడు ఒకే పేరు కొట్టి ఊరుకుంటే మంచి ప్రోగ్రామ్‌లు సగం కంటికే కనబడవు.

ఇక బ్యాచిలర్స్ సంగతి. ఇంటర్ అయిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పద్దెనిమిదేళ్ల వయసులో నేరుగా ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ బ్యాచిలర్స్‌లో చేరవచ్చా? చేరవచ్చు, ఒక షరతు మీద. అది ముందు ఇంజనీరింగ్ డిగ్రీ అయి ఉండాలి. అమెరికాలో దీన్ని పరీక్షించడానికి ఏబెట్ గుర్తింపు ఉందో లేదో చూడాలి. అక్కడ ఇంజనీరింగ్ చదువుల నాణ్యతను పరిశీలించి గుర్తింపునిచ్చే సంస్థ ఏబెట్. ఏబెట్ గుర్తించేది యూనివర్సిటీని కాదు, డిపార్ట్‌మెంట్‌ను కూడా కాదు, ఒక్కొక్క ప్రోగ్రామ్‌ను విడివిడిగా. 'మా కాలేజీకి ఏబెట్ ఉంది' అన్న మాట అక్కడితో ఆగితే చాలదు. మెకానికల్‌కు ఉండి, ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్‌కు లేకపోవచ్చు. ఏబెట్ వెబ్‌సైట్‌లో ప్రోగ్రామ్ పేరుతోనే వెతకండి. అందులోనూ ఇంజనీరింగ్ కమిషన్ గుర్తింపు వేరు, ఇంజనీరింగ్ టెక్నాలజీ కమిషన్ గుర్తింపు వేరు. కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు దగ్గర ఈ తేడా అడ్డం పడుతుంది. కొత్తగా పెట్టిన ప్రోగ్రామ్ అయితే కనీసం ఒక విద్యార్థి పట్టా పుచ్చుకునేదాకా గుర్తింపు రాదు, అది నియమం. గుర్తింపు లేనంత మాత్రాన మోసమని కాదు. కానీ మొదటి బ్యాచ్‌లో చేరేవాళ్లు ఆ రిస్కు తమదేనని తెలిసి చేరాలి.

ఏబెట్ లెక్క ప్రకారం ఏ ఇంజనీరింగ్ బ్యాచిలర్స్‌లోనైనా గణితం, మౌలిక శాస్త్రాలు కలిపి కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్లు, ఇంజనీరింగ్ అంశాలు కనీసం 45 క్రెడిట్లు ఉండాలి. ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్‌కు అదనంగా ప్రత్యేక షరతులున్నాయి. ప్రణాళిక, వ్యవస్థీకరణ, నాయకత్వం, నియంత్రణ, మనుషులు అనే మేనేజ్‌మెంట్ పనులకూ ఇంజనీరింగ్‌కూ ఉన్న సంబంధం నేర్పాలి. మేనేజ్‌మెంట్ వ్యవస్థల్లో ఉండే యాదృచ్ఛికతను, అంటే అనిశ్చితిని, విద్యార్థి అర్థం చేసుకుని సంబాళించగలగాలి. అధ్యాపకుల ప్రధాన సామర్థ్యం ఇంజనీరింగ్‌లో ఉండాలి. ఆ యాదృచ్ఛికత అన్న మాట గుర్తుపెట్టుకోండి. నన్నడిగితే ఈ డిగ్రీకి ప్రాణం అక్కడే ఉంది. దాన్ని వదిలేసిన ప్రోగ్రామ్‌లో మిగిలేది మీటింగులు నడిపే శిక్షణ మాత్రమే.

అమెరికాలో ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు కోరుకునేవాళ్లకు తొలి మెట్టు ఎఫ్‌ఈ, అంటే ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజనీరింగ్, పరీక్ష. అది ఏడు విభాగాల్లో జరుగుతుంది. ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ అనే విభాగం అందులో లేదు. ఈ బ్యాచిలర్స్ చేసినవాళ్లు ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ విభాగమో, అదర్ డిసిప్లిన్స్ విభాగమో రాసుకోవాలి. కాబట్టి మీ పట్టికలో ఆ పరీక్షకు పనికొచ్చే కోర్సులు ఎన్నున్నాయో ముందే సరిచూసుకోండి.

నా అభిప్రాయం అడిగితే, ఏ శాఖ మీద ఇష్టమో ఇంకా తేలని విద్యార్థికి మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్, కెమికల్ వంటి మూలశాఖలో బ్యాచిలర్స్ చేసి, తర్వాత మాస్టర్స్‌లో మేనేజ్‌మెంట్ వైపు రావడమే మేలు. బ్యాచిలర్స్‌లోనే చేరాలనుకుంటే ఒక సాంకేతిక రంగంలో కనీసం నాలుగైదు కోర్సులు వరుసగా, ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోయే ప్రోగ్రామ్ చూసుకోండి. ఒక్కో శాఖ నుంచి ఒక్కో పరిచయ కోర్సు ఏరుకొచ్చి 'బహుముఖ ఇంజనీరింగ్' అని పేరు పెట్టినచోట, బయటికొచ్చిన విద్యార్థికి ఏ శాఖ ఇంజనీర్లతోనూ వాళ్ల భాషలో మాట్లాడటం రాదు.

ఇప్పుడు మాస్టర్స్. ఎక్కువమంది వచ్చేది దీనికే గనక కాస్త నెమ్మదిగా చూద్దాం.

ముందు కొలతలు. అమెరికాలో ఈ మాస్టర్స్ సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు, అంటే 10 నుంచి 12 కోర్సులు. బ్రిటన్‌లో ఏడాది ఎంఎస్సీ 180 క్రెడిట్లు, సాధారణంగా అందులో 60 డిసర్టేషన్‌కే పోతాయి. ఐరోపాలో ఈసీటీఎస్ క్రెడిట్లలో 60 నుంచి 120 దాకా ఉంటుంది. బ్రిటన్ 180 క్రెడిట్లు ఈసీటీఎస్‌లో 90కి సమానం. పోల్చాలంటే గంటల్లోకి మార్చండి. అమెరికాలో మూడు క్రెడిట్ల కోర్సు అంటే పదిహేను వారాలు, వారానికి మూడు గంటల క్లాసు, దానికి రెట్టింపు ఇంటిపని, మొత్తం సుమారు 135 గంటలు. ఒక ఈసీటీఎస్ క్రెడిట్ 25 నుంచి 30 గంటల పని. అంటే ఐరోపాలో ఐదు క్రెడిట్లు, అమెరికాలో మూడు దాదాపు ఒకటే.

తర్వాత ఒక కాగితం తీసుకుని కోర్సులన్నింటినీ ఐదు కుప్పలుగా పోయండి. మొదటిది లెక్కలతో నిర్ణయం తీసుకునేవి: ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, ఆప్టిమైజేషన్, సిమ్యులేషన్, డెసిషన్ అనాలిసిస్. రెండోది డబ్బు: ఇంజనీరింగ్ ఎకానమీ, అకౌంటింగ్, ఫైనాన్స్. మూడోది సాంకేతిక ఎలెక్టివ్‌లు. నాలుగోది మనుషులు, చట్టం: సంస్థాగత ప్రవర్తన, సంప్రదింపులు, కాంట్రాక్టులు, మేధోసంపత్తి. ఐదోది ప్రాజెక్టు, క్యాప్‌స్టోన్, అంటే చదివినదంతా కలిపి చివర్లో చేసే ప్రాజెక్టు. పది కోర్సుల ప్రోగ్రామ్‌లో మొదటి కుప్పలో కనీసం మూడు, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో రెండు ఉండాలని నా లెక్క. నాలుగో కుప్ప ఐదుకు చేరితే అది చిన్న ఎంబీఏ. అప్పుడు ఎంబీఏనే చేయడం నయం, కనీసం ఆ పేరు యజమానులందరికీ తెలుసు.

మొదటి కుప్పలో లెక్కించేటప్పుడు పేరు చూసి మోసపోవద్దు. 'డేటా ఆధారిత నాయకత్వం' అన్న పేరు కింద వారానికొక కేస్ చర్చ తప్ప మరేమీ లేని కోర్సులుంటాయి. కోర్సు పాత సిలబస్, వీలైతే పాత ప్రశ్నపత్రం తెప్పించుకుని, విద్యార్థితో ఏ లెక్క చేయిస్తున్నారో చూడండి. రెండు మూడు మచ్చు లెక్కలు చెబుతాను.

రెండు పంపులు ఉన్నాయి. మొదటిదాని ఖరీదు 100, ఏటా నిర్వహణకు 12. రెండోదాని ఖరీదు 140, ఏటా 4. రెండూ పదేళ్లు పనిచేస్తాయి. ఉత్త కూడికలు వేస్తే మొదటిదానికి 220, రెండోదానికి 180. రెండోది చవక. రాబోయే ఖర్చులను 10 శాతం వడ్డీతో ఈనాటి విలువకు తెస్తే, పదేళ్లపాటు ఏటా 1 చొప్పున చెల్లించేదాని విలువ 6.14. అప్పుడు మొదటిది 173.7, రెండోది 164.6. రెండోదే ఇంకా చవక, తేడా మాత్రం తగ్గింది. వడ్డీ 20 శాతమైతే ఆ గుణకం 4.19కి పడిపోతుంది. మొదటిది 150.3, రెండోది 156.8. ఈసారి మొదటిదే చవక. దాదాపు 15 శాతం దగ్గర రెండూ సమానం. ఇంతవరకూ ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. మంచి కోర్సు ఇక్కడ ఆగదు. నిర్వహణ ఖర్చు 12 అన్నది అంచనాయే కదా, అది 10 అయితే? అప్పుడు 10 శాతం వడ్డీ దగ్గర కూడా మొదటి పంపే చవక: 161.4కి 164.6. అంటే నిర్ణయం వడ్డీ రేటు మీద ఎంత ఆధారపడిందో, ఒక ఖర్చు అంచనా మీదా అంతే ఆధారపడింది. ఆ అంచనా ఎవరిచ్చారు, ఎంత నమ్మవచ్చు, కంపెనీ వాడే వడ్డీ రేటు ఎవరు ఖరారు చేశారు అన్న ప్రశ్నలు ప్రశ్నపత్రంలో ఉంటే ఆ కోర్సు తీసుకోదగ్గది. సూత్రంలో అంకెలు వేసి జవాబు కింద గీత గీయమంటే, అది మీరు ఇంట్లో వారం రోజుల్లో నేర్చుకోగలిగినది.

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సుకూ ఇలాంటి పరీక్ష ఉంది. 1950ల చివర్లో డ్యూపాంట్‌లో క్రిటికల్ పాత్ పద్ధతి, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ పద్ధతి పుట్టాయి. పనుల వరుసల్లో అన్నిటికంటే పొడవైన దారిని పట్టి ప్రాజెక్టుకు ఎంత సమయం పడుతుందో లెక్కగట్టే పద్ధతులివి. ఈ రెండూ ప్రతి కోర్సులో ఉంటాయి. వాటితో వచ్చే పొరపాటును నేర్పుతారా అన్నది చూడాలి. మూడు బృందాలు విడివిడిగా పనిచేస్తున్నాయి. ఒక్కొక్కటి గడువులోగా ముగించే అవకాశం 80 శాతం. మూడూ ముగిస్తేనే అసెంబ్లీ మొదలవుతుంది. అసెంబ్లీ సమయానికి మొదలయ్యే అవకాశం ఎంత? ఒకదాని ఆలస్యానికి మరొకదానితో సంబంధం లేకపోతే 0.8ని మూడుసార్లు గుణించాలి: 51 శాతం చిల్లర. ఎవరూ పెద్దగా తప్పు చేయకపోయినా ప్రాజెక్టు సగంసార్లు ఆలస్యమవుతుంది. పెర్ట్ లెక్క ఒక్క పొడవైన దారినే చూస్తుంది గనక ఈ సంగతి దానికి కనబడదు. అందుకే మాంటే కార్లో సిమ్యులేషన్, అంటే యాదృచ్ఛిక అంకెలతో ప్రాజెక్టును కంప్యూటర్లో వేలసార్లు నడిపి చూడటం, కావాలి. సాఫ్ట్‌వేర్‌లో గాంట్ చార్ట్, అంటే ఏ పని ఎప్పుడో చూపే గీతల పట్టిక, గీయడంతో ముగిసే కోర్సు ఇక్కడిదాకా రాదు.

మూడోది క్యూల లెక్క. డిజైన్ తనిఖీ చేసే ఒక ఇంజనీర్ ఉన్నాడనుకోండి. పనులు యాదృచ్ఛికంగా వస్తుంటాయి, ఒక్కోదానికి పట్టే సమయం కూడా అంతే. ఈ అతి సాదా నమూనాలో ఆయన 80 శాతం సమయం బిజీగా ఉంటే, ఒక ఫైలు వరుసలో వేచి ఉండే సగటు సమయం తనిఖీకి పట్టే సమయానికి నాలుగు రెట్లు. 90 శాతమైతే తొమ్మిది రెట్లు. 95కి పందొమ్మిది. సిబ్బందిని పూర్తిగా వాడుకుంటున్నామని మురిసిపోయే మేనేజర్‌కు ప్రాజెక్టులు ఎందుకు నత్తనడక నడుస్తాయో ఈ మూడు అంకెలే చెబుతాయి. ఈ లెక్క ఏ కోర్సులోనూ తగలని మాస్టర్స్ డిగ్రీని నేనైతే సిఫారసు చేయను.

సిలబస్ దొరకకపోతే? కేటలాగ్‌లో ప్రతి కోర్సు కింద ప్రెరిక్విజిట్ అని ఒక వరుస ఉంటుంది. చాలామంది దాన్ని దాటేసి పోతారు. నాకు మాత్రం పట్టిక మొత్తంలో అదే ముఖ్యం. 'ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పూర్తిచేసి ఉండాలి' అని ఉంటే ఆ కోర్సు అక్కడి నుంచి మొదలవుతుంది. 'గ్రాడ్యుయేట్ విద్యార్థి అయితే చాలు' అని పదింటికి పది కోర్సుల్లోనూ ఉంటే, ప్రతి కోర్సూ సున్నా నుంచి మొదలై పరిచయం దగ్గరే ఆగుతుంది. పది పరిచయాలు కలిపితే మాస్టర్స్ అవదు. అదే కోర్సు బ్యాచిలర్స్ నంబరుతోనూ ఉందేమో చూడండి. రెండు బ్యాచ్‌లూ ఒకే గదిలో కూర్చుని, మాస్టర్స్‌వాళ్లు అదనంగా ఒక పేపర్ రాసే పద్ధతి చాలాచోట్ల ఉంది. ఒకటో రెండో అలాంటివైతే ఫర్వాలేదు.

కేటలాగ్‌లో ఉన్నదంతా నడుస్తుందనీ అనుకోకండి. నలభై ఎలెక్టివ్‌లు రాసి ఉంటాయి, వాటిలో కొన్ని మూడేళ్లుగా ఎవరూ చెప్పి ఉండరు. రిజిస్ట్రార్ పెట్టే సెమిస్టర్ షెడ్యూళ్లు చాలా యూనివర్సిటీల్లో బయటివాళ్లకూ కనబడతాయి. గడిచిన నాలుగు సెమిస్టర్ల షెడ్యూళ్లు తెరిచి, మీకు కావలసిన కోర్సు ఎన్నిసార్లు నడిచింది, ఎన్ని సీట్లు, ఎవరు చెప్పారు అని రాసుకోండి. ఏడాది ప్రోగ్రామ్‌లో రెండేళ్లకోసారి వచ్చే కోర్సు మీకు లేనట్టే. బిజినెస్ స్కూల్ కోర్సులు 'కూడా తీసుకోవచ్చు' అని ఉంటే మరో రెండు విషయాలు అడగాలి. సీట్లలో వాళ్ల సొంత ఎంబీఏ విద్యార్థుల తర్వాతే మీ వంతా? క్రెడిట్‌కు ఫీజు వేరేనా? ఈ రెండూ కలిస్తే ఆ అవకాశం బ్రోచర్‌లోనే మిగిలిపోతుంది.

క్యాప్‌స్టోన్ దగ్గర మూడు ప్రశ్నలు చాలు. బయటి సంస్థ ఇచ్చిన నిజమైన సమస్యా, లేక అచ్చయిన కేసా? డేటా ఎప్పుడు చేతికొస్తుంది? మార్కులు వేసేదెవరు? రెండోదాని దగ్గరే ఎక్కువ ప్రాజెక్టులు కూలుతాయి. గోప్యత ఒప్పందం మీద సంతకాలు పూర్తయ్యేసరికి పదిహేను వారాల సెమిస్టర్‌లో ఐదారు వారాలు కరిగిపోతాయి, మిగిలిన సమయంలో బృందం ఊహాజనిత అంకెలతో రిపోర్టు అల్లుతుంది. రెండు సెమిస్టర్ల క్యాప్‌స్టోన్, లేదా సెమిస్టర్ మొదలయ్యేలోపే ఒప్పందాలు ముగించే పద్ధతి ఉన్నచోట ఈ బాధ తక్కువ. ఎంఐటీలో లీడర్స్ ఫర్ గ్లోబల్ ఆపరేషన్స్ అనే రెండేళ్ల ప్రోగ్రామ్ 1988లో వేరే పేరుతో మొదలైంది. అందులో ఎంబీఏ, ఇంజనీరింగ్ మాస్టర్స్ రెండూ వస్తాయి, మధ్యలో ఆరు నెలలు కంపెనీలో ఇంటర్న్‌షిప్. పరిశ్రమలో చేసే పనిని చదువులోకి పూర్తిగా తేవాలంటే ఎంత సమయం పడుతుందో ఆ ఆరు నెలలను చూస్తే తెలుస్తుంది.

ప్లేస్‌మెంట్ రిపోర్టు చదవడం మరో విద్య. వందమంది పట్టా తీసుకున్నారు. సర్వేకు జవాబిచ్చింది 60 మంది. వాళ్లలో ఉద్యోగం ఉన్నది 48 మందికి. రిపోర్టులో '80 శాతం ప్లేస్‌మెంట్' అని పడుతుంది. అబద్ధం కాదు, కానీ ఉద్యోగం ఉందని మనకు తెలిసింది వందలో 48 మందికే. కాబట్టి శాతం కంటే ముందు ఎంతమంది జవాబిచ్చారో అడగండి. ఈ డిగ్రీకి ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది. ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్‌గా చదివేవాళ్లు ఇందులో ఎక్కువ. వాళ్లు చేరినరోజే ఉద్యోగస్థులు, వాళ్ల జీతాలూ ఎక్కువే. వాళ్లనూ కలిపి సగటు తీస్తే అనుభవం లేని విద్యార్థికి ఆ అంకెతో పనే లేదు. ఫుల్‌టైమ్ విద్యార్థుల లెక్క విడిగా, అందులోనూ సగటు కాక మధ్యస్థ జీతం, ఇంకా ఉద్యోగాల హోదాలు అడగండి. హోదాల జాబితాలో సప్లై చైన్ అనలిస్ట్, క్వాలిటీ ఇంజనీర్, ప్రాజెక్ట్ ఇంజనీర్, ప్రొడక్ట్ అనలిస్ట్ వంటివి కనబడటం మామూలే. ఈ డిగ్రీ చేతికి రాగానే ఎవరూ పదిమందికి మేనేజర్‌ను చేయరు.

సర్టిఫికెట్ల గురించి క్లుప్తంగా. 'మా డిగ్రీతో పీఎంపీకి సిద్ధం' అని కొన్ని బ్రోచర్లు అంటాయి. పీఎంపీ అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ప్రాజెక్ట్ మేనేజర్లకు ఇచ్చే సర్టిఫికెట్. మామూలు నాలుగేళ్ల డిగ్రీతో పీఎంపీ పరీక్షకు కూర్చోవాలన్నా 35 గంటల శిక్షణతో పాటు ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు చూపాలి. శిక్షణ గంటలు డిగ్రీ ఇస్తుంది, నెలలు ఇవ్వదు. అనుభవం లేనివాళ్లకు అదే సంస్థది సీఏపీఎం అనే తొలి స్థాయి సర్టిఫికెట్ ఉంది, దానికి 23 గంటల శిక్షణ చాలు. ఇంజనీరింగ్ మేనేజ్‌మెంట్ సొసైటీ కూడా సొంతంగా రెండు స్థాయిల్లో సర్టిఫికేషన్ ఇస్తుంది.

విదేశీ విద్యార్థిగా అమెరికా వెళ్లేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ప్రతి ప్రోగ్రామ్‌కూ అది ఏ విషయానికి చెందిందో చెప్పే సీఐపీ కోడ్ అని ఒకటుంటుంది. చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే ఏడాది అనుమతి, అంటే ఓపీటీ, మీద ఇంకో 24 నెలల పొడిగింపు రావాలంటే ఆ కోడ్ స్టెమ్, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం, జాబితాలో ఉండాలి. ఒకే పేరున్న రెండు డిగ్రీలకు రెండు వేర్వేరు కోడ్‌లు ఉండొచ్చు. పేరులో ఇంజనీరింగ్ ఉంది కదా అని ఊరుకోకండి. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద కోడ్ అచ్చయి ఉంటుంది, డబ్బు కట్టకముందే చూసుకోండి. నియమాలు మారుతుంటాయి గనక దరఖాస్తు చేసే నాటి జాబితానే నమ్మాలి.

ఇక ప్రశ్నలు తీసుకుందాం.

(సభ నుంచి: సార్, బీటెక్ అవగానే ఎంఈఎం చేయాలా, ముందు ఉద్యోగం చేయాలా?)

ప్రోగ్రామ్‌ను బట్టి ఉంటుందండి. బీటెక్ అయినవాళ్లను తీసుకుని ఏడాది, ఏడాదిన్నరలో తీర్చిదిద్దేవి కొన్ని ఉన్నాయి. ఎంఐటీ సిస్టమ్ డిజైన్ వంటివి అనుభవజ్ఞుల కోసమే పెట్టినవి. మీకు అనుభవం లేదనుకోండి, క్లాసులో సగటు అనుభవం ఐదేళ్లున్న ప్రోగ్రామ్‌లో చేరితే చర్చల్లో మీరిచ్చేది తక్కువ, వచ్చే కంపెనీలు వెతికేదీ మిమ్మల్ని కాదు. దీనికి తిరగేసి కూడా నిజమే. ఆరేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కుర్రాళ్ల బ్యాచ్‌లో చేరితే క్యాంపస్‌కు వచ్చే ఉద్యోగాలన్నీ వాళ్ల పాత హోదాకంటే కిందివే అవుతాయి. పోయిన బ్యాచ్‌లో ఫుల్‌టైమ్‌వాళ్ల అనుభవం ఎంతుందో అడగండి, మీరు అందులో మధ్యలో పడితే సరి. ఏది చేసినా, ఒక ఫ్యాక్టరీలోనో సైట్‌లోనో రెండేళ్లు పనిచేసి వచ్చినవాళ్లకు ఇందాకటి క్యూ లెక్క చెవికెక్కినట్టు మిగతావాళ్లకు ఎక్కదు.

(సభ నుంచి: ఆన్‌లైన్‌లో చేస్తే విలువ తగ్గుతుందా?)

ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఆన్‌లైన్ అని రాస్తారా లేదా అన్నది అందరూ అడుగుతారు. అంతకంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. క్యాంపస్ విద్యార్థులకు ఉన్న ఎలెక్టివ్‌లన్నీ ఆన్‌లైన్‌వాళ్లకు తెరిచి ఉంటాయా? పాఠాలు చెప్పే ప్రొఫెసర్లే పేపర్లు దిద్దుతారా? కెరీర్ ఆఫీసు సేవలు ఆన్‌లైన్‌వాళ్లకు వర్తిస్తాయా? బృంద ప్రాజెక్టుల్లో పదేసి గంటల టైమ్ తేడా ఉన్న నలుగురిని ఒకచోట వేస్తే పని ఒకరిద్దరి మీదే పడుతుంది, దాన్ని వాళ్లు ఎలా సర్దుతున్నారో అడగండి. ఉన్న ఉద్యోగంలోనే పైకి వెళ్లాలనుకునేవాళ్లకు ఆన్‌లైన్ బాగా సరిపోతుంది. ఉద్యోగం మారాలన్నా, దేశం మారాలన్నా సరిపోదు.

(సభ నుంచి: మా అమ్మాయికి రెండు చోట్ల సీటు వచ్చింది. డిపార్ట్‌మెంట్‌కు ఏమని రాయమంటారు?)

అమ్మా, పొడుగు ఉత్తరం వద్దు. ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కు ఐదు ప్రశ్నలు చాలు. పోయిన రెండేళ్లలో నడిచిన ఎలెక్టివ్‌ల జాబితా పంపగలరా? సిమ్యులేషన్ లేదా ఆప్టిమైజేషన్ కోర్సు తాజా సిలబస్ పంపగలరా? పోయిన ఏడాది క్యాప్‌స్టోన్ ప్రాజెక్టుల శీర్షికలేమిటి? ఫుల్‌టైమ్ విద్యార్థుల్లో ఎంతమంది ప్లేస్‌మెంట్ సర్వేకు జవాబిచ్చారు? మొదటి ఏడాదితో పాటు రెండో ఏడాది ఫీజు ఎంత ఉంటుంది? వారం పది రోజులు చూడమనండి. సిలబస్ జత చేసి, ఒక్కో ప్రశ్నకు విడిగా జవాబు రాసినచోటు ఒకటి, మళ్లీ అదే బ్రోచర్ లింకు పంపినచోటు ఒకటి తేలొచ్చు. ఇద్దరూ సరిగ్గానే జవాబిస్తే ఆ రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి, రెండింట్లోనూ ఎనిమిదో వారంలో ఏం చెబుతున్నారో చూసుకోండి. మొదటి మూడు వారాలు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. కోర్సు ఎంత లోతుకు వెళ్తుందో ఎనిమిదో వారం దగ్గర తెలుస్తుంది.